పొట్టి అగరొత్తులు

ఏప్రిల్ 12

డాక్టరమ్మకు మహా అయితే ముప్పై ఏళ్ళుంటాయి. కాగితం మీద అంకె చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ అంకె చూసింది. ఇది నిన్నమొన్నటి రోగం కాదు, ఏళ్ళ నుంచి ఉండి ఉంటుంది, ఎవరో శ్రద్ధగా అదుపులో పెట్టుకుంటూ వచ్చారు, ఈ ఏడాదే పట్టు తప్పింది అంది. అదుపట! రోజూ మధ్యాహ్నం గిన్నెడు పాయసం లేనిదే పొద్దుపోని మనిషిని నేను. నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను.

నవ్వు ఎక్కువసేపు లేదు. కుడి కాలి బొటనవేలి మీద చెప్పు కరిచిన పుండు మూడు వారాలుగా మానడం లేదు. చక్కెర దిగకపోతే వేలు తీసేయాల్సి రావచ్చట. వేలితో మొదలవుతుందని నాకామె చెప్పాలా? మా నాన్నకీ వేలితోనే మొదలైంది. తర్వాత పాదం పోయింది, తర్వాత మోకాలి దాకా. ఆయన్ని మోసి మోసి విసిగిపోయిన రోజుల్లో మా ఆవిడ క్వేతో అన్నాను, ఈ రోగం నాకొస్తే నాకు మాత్రం చెప్పకు, తెలియకుండా పోవడమే నయం అని. అప్పుడామె నాన్న గుడ్డలు ఉతుక్కుంటూ ఉంది.

తిన్నదంతా పుస్తకంలో రాసి మూడు నెలల తర్వాత తెమ్మంది డాక్టరమ్మ. నీలం అట్ట పుస్తకం ఒకటి కొన్నాను. అది ఆమెకు. ఇది నాకు.

ఏప్రిల్ 13

నీలం పుస్తకంలో రాసింది: పొద్దున గంజి. మధ్యాహ్నం అన్నం గిన్నెడు, తోటకూర, ఒక చిన్న చేప. రాత్రి అదే. అన్నీ నిజాలే.

రెండు గంటలకు సందు చివర బాదంచెట్టు కింద పాయసాలమ్మే లాయ్ కావడి దించింది. అనపగింజల పాయసం ఒక గిన్నె తెచ్చి క్వే పటం ముందు పెట్టి అగరొత్తి వెలిగించాను. అది పూర్తిగా కాలాక గిన్నె దించి తిన్నాను. పోయినవాళ్ళకు పెట్టింది పారేయకూడదు, ఎవరో ఒకరు తినాలి. ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? ఇది తిండి కాదు, ప్రసాదం. నీలం పుస్తకంలో రాయనక్కర్లేదు.

ఏప్రిల్ 14

ప్రసాదం.

ఏప్రిల్ 15

ప్రసాదం. వేలు కాస్త నయంగా ఉన్నట్టే ఉంది.

ఏప్రిల్ 21

లాయ్ చేతిరుచి చెడింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెప్పాను.

క్వే ఉన్నప్పుడు నేనెప్పుడూ ఆ చెట్టు కిందికి వెళ్ళినవాణ్ణి కాదు. తూకాల ఇన్‌స్పెక్టరు వీధిలో జానెడు పీట మీద కూర్చుని పాయసం జుర్రుకుంటే బజారులో ఎవడు లెక్కచేస్తాడు? రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. క్వేయే రెండు మూతగిన్నెలు పట్టుకెళ్ళి తెచ్చేది. అరుగు మీద ఇద్దరం చెరో గిన్నె పట్టుకుని కూర్చునేవాళ్ళం. నాది సగం కాకముందే నా చెంచా ఆమె గిన్నెలో పడేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఎగతాళి చేసేది. రెండూ ఒక కుండలోవే కదా అనేది. నిజమే, కానీ ఆమెదే ఎప్పుడూ రుచిగా ఉండేది.

ఆ పాయసంలో గింజ రుచి గింజకుండేది. వెనకాల అల్లం, వాసన ఆకు, ఎక్కడో చిటికెడు ఉప్పు. ఇప్పుడు నాలుక మీద పెడితే చక్కెర తప్ప ఇంకేమీ లేదు. క్వే పోయి తొమ్మిది నెలలు దాటింది, అప్పటి నుంచీ ఇంతే. దుఃఖంలో నా నోరే పాడైందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఇవాళ అందరి ముందూ అనేశాను, తీపి దంచేస్తున్నావు, చవకరకం చక్కెర తెస్తున్నావా ఏమిటి అని. పక్క పీట మీద కూర్చున్న రిక్షా ఖా పగలబడి నవ్వాడు.

"పాయసం తియ్యగా ఉందని కేసు రాస్తావా ఇన్‌స్పెక్టరూ? రేపు మిరపకాయ కారంగా ఉందని కూడా రాయి."

పాతికేళ్ళుగా తింటున్నాననీ, ఇసుమంతైనా మారలేదనీ వాడు ఒట్టేశాడు. లాయ్ మాత్రం తలొంచుకుని గిన్నెలు కడుగుతూ కూర్చుంది, కడిగినవే మళ్ళీ కడిగింది. తప్పు చేసినవాళ్ళు అలాగే ఉంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు దొంగ తూకంరాళ్ళు పట్టినవాణ్ణి, ఆ మాత్రం పోల్చుకోలేనా?

ప్రసాదం తిన్నాను. పారేయకూడదు కదా.

మే 3

బజారులో పొట్టి అగరొత్తులు దొరికాయి. పొడుగు వాటికి ముప్పావుగంట పడుతోంది, ఈలోగా పాయసం మీద తెట్టు కడుతోంది. ఇవి పది నిమిషాల్లో అయిపోతాయి. క్వేకి కూడా వేడిగా అందుతుంది.

మే 4

ప్రసాదం. మొక్కజొన్న పాయసం, కొబ్బరిపాలు పైన. లేత కండెలు వచ్చాయి.

మే 9

ప్రసాదం రెండు గిన్నెలు. క్వేకి తామరగింజలంటే ఇష్టం, అందుకని అది కూడా.

మే 12

వేలి పక్కన చర్మం రంగు మారింది. దీపం కింద చూస్తే మారినట్టు లేదు.

మే 19

యెన్ వచ్చింది. నది అవతల ఉంటుంది మా అమ్మాయి, ఆదివారాల్లో వచ్చి ఇల్లు తుడిచి వెళ్తుంది. నీలం పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివి చాలా బాగుంది నాన్నా అంది. నాకు సంతోషమైంది. తర్వాత అమ్మ పటం ఉన్న పీఠం తుడవడానికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది. అగరొత్తుల గిన్నె నిండిపోయి పుల్లలు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒక పుల్ల తీసి జానతో కొలిచింది. నా కూతురే మరి.

"అమ్మ రోజూ తింటోందా నాన్నా?"

పెద్దలకు పెట్టడం కూడా తప్పేనా అన్నాను. రోజుకు రెండు గిన్నెలు తినేటంత ఆకలి అమ్మకెప్పుడూ లేదే అంది. నేను అరిచాను. పెళ్ళాం పోయినవాణ్ణి, పటం ముందు గిన్నెడు పాయసం పెట్టుకుంటే దానికీ లెక్కలడిగే కాలం వచ్చిందా అని ఏదేదో అన్నాను. అది అరవలేదు. చీపురు మూల పెట్టి చెప్పులు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"తినాలనుంటే నీ పేరు మీద తిను. అమ్మ పేరు వాడుకోకు."

రాసుకుంటే చిన్న మాటలాగే ఉంది.

మే 26

యెన్ రాలేదు.

మే 27

ప్రసాదం. ఒక్క గిన్నే.

జూన్ 7

చాంద్రమానం లెక్కన ఐదో నెల ఐదోనాటి పండగ. ఇవాళ కొర్ర పాయసం తినకపోతే కడుపులో పురుగులు చావవు. వైద్యం లాంటిదే ఇది. పొద్దున్నే లాయ్ దగ్గర జనం కందిరీగల్లా మూగారు. మూడు గిన్నెలు, మూడు నువ్వుల అప్పడాలు తెచ్చాను. ఒకటి క్వేకి, ఒకటి అమ్మకి, ఒకటి నాన్నకి. నాన్న ముందు పెట్టేటప్పుడు ఆయన కాలు గుర్తొచ్చింది. పోయినవాళ్ళకు చక్కెర రోగమేమిటని పెట్టేశాను.

అప్పడం ముక్కతో ముంచుకుని తింటే కొర్ర పాయసం ముందు ఇంకేదీ పనికిరాదు. మూడో గిన్నె అడుగున

జూన్ 10

మూడో గిన్నె అడుగున ఏముందో ఇప్పుడు గుర్తులేదు. గోడ గడియారం ముళ్ళు కనబడలేదు. లేచి చూద్దామని లేచాను, అంతవరకే తెలుసు. గిన్నెలు తిరిగి రాలేదేమని లాయ్ వచ్చి చూసిందట. ఖా తన రిక్షాలో వేసుకుని తొక్కాడట, డెబ్బై ఏళ్ళవాడు, దారంతా నన్ను బూతులు తిడుతూ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోగా లాయ్ చెప్పేసింది, మూడు గిన్నెలు అని. చక్కెర రోగమని అక్కడే తెలిసినట్టుంది దానికి. నేనెవరికీ చెప్పలేదు మరి. ఆ మాట వినగానే అది అక్కడ బెంచీ మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. పరాయి మనిషి, అంత ఏడవాల్సిన పనేమిటో నాకర్థం కాలేదు.

వేలు నల్లబడింది. నెలాఖరు దాకా చూస్తారట. అప్పటికీ లొంగకపోతే తీసేస్తారు.

యెన్ రెండు రాత్రులు మంచం పక్కనే కూర్చుంది. ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జూన్ 11

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

మూడు గంటలకు లాయ్ ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో తప్ప కావడి లేకుండా దాన్ని చూడటం ఇదే మొదలు. ఒడిలో చిన్న మట్టికుండ ఉంది, మెడకు ఎర్ర దారం కట్టి. క్వే పటానికి దణ్ణం పెట్టి, "వదినా, ఒట్టు తప్పుతున్నాను" అని నేల మీద కూర్చుంది.

తొమ్మిదేళ్ళ కిందట మా పేటలో అందరికీ రక్తపరీక్షలు చేశారు. నేను వేలు పొడిపించుకుని ఆఫీసుకు పోయాను. చీటీ తెచ్చుకున్నది క్వే. అంతా బాగానే ఉందట అంది ఆ సాయంత్రం, నేను సరే అన్నాను. ఆ మర్నాడు క్వే ఆ చీటీ పట్టుకుని లాయ్ దగ్గరికి వెళ్ళిందట. తెలిస్తే ఆయన భయంతోనే చస్తాడు, తెలియకుండా బతికించాలి అని ఒట్టు వేయించుకుందట.

"మొదట్లో మీ పాయసంలో ఎనిమిది చెంచాల పాకం పోసేదాన్ని అన్నయ్యా. ఏటా కొత్త సంవత్సరం టెట్ పండక్కి ఒక్క చెంచా తగ్గించమంది వదిన. ఒక్కటంటే ఒక్కటి, నాలుకకు తెలియకుండా. నిరుడు టెట్‌కి చివరి చెంచా కూడా తీసేశాను. గింజలు, అల్లం, ఆకు, చిటికెడు ఉప్పు. అంతే మీరు తిన్నది."

ఆ ఎర్ర దారం కుండ నా కుండ. వేరే వాటితో కలిసిపోకుండా క్వేయే కట్టిందట ఆ దారం.

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. క్వే పోయిన నెలకు నేనే వచ్చి పెద్ద కుండ వైపు చూపించి ఇందులోంచి పొయ్యి అన్నానట. పెళ్ళాం పోయిన మనిషికి ఏమని చెప్పను, పైగా ఒట్టు, ఇక మందులేవో వాడుతున్నారేమో అనుకున్నాను అంది. తీపి ఎక్కువైందని మీరు తిట్టిన రోజు నోటిదాకా వచ్చింది, ఆ రోజు చెప్పి ఉంటే మీ వేలికి ఈ గతి పట్టేది కాదు అని ఏడ్చింది. దాన్ని ఓదార్చలేదు నేను. ఓదార్చాల్సింది.

వెళ్ళేటప్పుడు ఒక మాట అడిగాను. నాకు చప్పిడిది సరే, క్వే తన గిన్నెలోకి తియ్యటిది పోయించుకునేదా అని.

"రెండు గిన్నెలూ ఇందులోంచే. నువ్వైనా తియ్యగా తిను వదినా అంటే వినలేదు. ఆయన చెంచా నా గిన్నెలోకి రాకుండా ఉంటుందా లాయ్ అంది."

జూన్ 12

అగరొత్తి వెలిగించలేదు.

జూన్ 13

వెలిగించలేదు. ఎనిమిదేళ్ళు నన్ను మోసం చేసింది. రోజూ మధ్యాహ్నం, నా ఎదురుగా కూర్చుని.

జూన్ 14

చక్కెర లేని దాన్ని పాయసమని చెప్పి ఇవ్వడం కల్తీ కిందికే వస్తుంది. నేను ఉద్యోగంలో ఉంటే ఇద్దరికీ జరిమానా వేసేవాణ్ణి.

జూన్ 15

క్వేకి తీపి ఎంత ఇష్టమో రాసుకుంటాను. పెళ్ళయిన కొత్తలో, చక్కెర రేషనులో దొరికే రోజుల్లో, డబ్బా అడుగున అంటుకున్నది వేలితో గీకి తినేది. నన్ను చూసి సిగ్గుపడి మూత పెట్టేసేది. యెన్ కడుపులో ఉన్నప్పుడు పటికబెల్లం పలుకు రోజంతా బుగ్గన పెట్టుకుని తిరిగేది. మా అమ్మ దానికి చీమ అని పేరు పెట్టింది.

ఆ మనిషి ఎనిమిదేళ్ళు ఉడికించిన గింజలు తిని, ఎలా ఉంది అని నేనడిగితే బాగుంది అంది.

నా చెంచా కోసం.

జూన్ 16

ముప్పై ఒక్క ఏళ్ళు తూకాలు చూశాను. తులం తేడా ఉంటే చేత్తోనే చెప్పేవాణ్ణి. బజారులో నా పేరు చెబితే తక్కెళ్ళు సరిచేసుకునేవాళ్ళు. నా నాలుక మీద ఏటా ఒక్క చెంచా దొంగతనం జరిగితే పట్టలేకపోయాను. క్వే వింటే ఎంత నవ్వేదో.

యెన్ వచ్చింది, ఆదివారం కాబట్టి. దానికంతా చెప్పాను. మొదట అమ్మకు ఇంత ఓర్పు ఎక్కడిదని అంది, తర్వాత అమ్మ తనకు కూడా చెప్పలేదేమని అలిగింది, చివరికి ఇద్దరం అరుగు మీద కూర్చుని ఏడ్చాం. నీలం పుస్తకంలో ఏప్రిల్ నుంచి వదిలేసిన గిన్నెలన్నీ దాని ముందే ఎర్ర సిరాతో రాశాను. ప్రసాదం అని కాదు, పాయసం అని రాశాను.

జూన్ 17

రెండు గంటలకు కుంటుకుంటూ చెట్టు కిందికి వెళ్ళాను. ఎర్ర దారం కుండ కావడిలో ఉంది. నేనేమీ అడగకుండానే లాయ్ అందులోంచి పోసింది. పీట మీద అందరితో పాటు కూర్చుని తిన్నాను.

అదే. అదే రుచి. పది నెలలుగా వెతుకుతున్నది.

చేతిరుచి చెడిందన్నాను, క్షమించు అన్నాను లాయ్‌తో. ఖా తల గోక్కుని, ఇన్‌స్పెక్టరు క్షమించమనడం పాతికేళ్ళలో ఇదే మొదలు, ఇవాళ వాన ఖాయం అన్నాడు. నిజంగానే నాలుగింటికి వాన పడింది.

జూన్ 18

ఎర్ర దారం. నీలం పుస్తకంలో రాశాను.

జూన్ 24

పెద్ద కుండ మీద మూత తీసినప్పుడల్లా కొబ్బరిపాల వాసన వస్తుంది. నాకేమీ అనిపించడం లేదు.

అనిపిస్తోంది. ముఖ్యంగా మొక్కజొన్నది.

జూలై 1

డాక్టరమ్మ వేలిని అటూ ఇటూ తిప్పి, సూదితో గుచ్చి, నొప్పిగా ఉందా అంది. నొప్పేసింది. అరిచాను కూడా. నా అరుపు విని ఆమె నవ్వింది, నొప్పి తెలుస్తోందంటే బతికి ఉందన్నమాట అంది. గోరు పోతుంది, కొస కాస్త వంకర అవుతుంది, వేలు ఉంటుంది. అంకె కూడా దిగింది.

నీలం పుస్తకంలో ఎర్ర సిరా పేజీల దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. ఇదంతా నిజమేనా తాతగారూ అంది. నిజమే, ఆలస్యంగా రాశాను అన్నాను. ఇన్నేళ్ళు అదుపులో పెట్టింది ఎవరో ఈసారి నేనే చెప్పాను.

జూలై 6

క్వే సంవత్సరీకం.

యెన్, అల్లుడు, లాయ్, ఖా వచ్చారు. చెరువులో ఈ ఏటి మొదటి తామరగింజలు వచ్చాయి. మేలిరకం గింజలు తెమ్మన్నాను, పటికబెల్లం పాకం నిండుగా పొయ్యమన్నాను. ఎనిమిది చెంచాలా అంది లాయ్. లెక్కపెట్టకు, గిన్నె అంచుదాకా పొయ్యి అన్నాను. పొంగి పళ్ళెంలోకి కారింది.

పొట్టి అగరొత్తుల కట్ట యెన్‌కిచ్చి బయట పారేయమన్నాను. పొడుగుది వెలిగించి పటం ముందు కూర్చున్నాను. ముప్పావుగంట. కాలు తిమ్మిరెక్కింది కానీ లేవలేదు. బూడిద వంగి వంగి రాలుతుంటే ఎంతసేపైనా చూడొచ్చని ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఆరిపోయాక గిన్నె దించి యెన్ చేతికిచ్చాను. అమ్మ ప్రసాదం, ఎవరో ఒకరు తినాలి కదా అన్నాను. ఒక చెంచా తిని కళ్ళు మూసుకుంది, పళ్ళు జివ్వుమంటున్నాయి నాన్నా, పాకంలో ముంచేశావు అంది. మీ అమ్మకు అలాగే కావాలి అన్నాను.

లాయ్ నా గిన్నె నాకిచ్చింది. అరుగు మీద నా చోట నేను కూర్చున్నాను, పక్కన క్వే చోట యెన్ ఆ గిన్నె పట్టుకుని కూర్చుంది. తామరగింజల మీద పాకం ఎండకు మెరుస్తోంది. అలవాటు కొద్దీ చెయ్యి అటు వెళ్ళింది. అల్లుడు చూశాడు, ఖా చూశాడు, లాయ్ చూసింది.

చెయ్యి వెనక్కి తీసుకుని నా గిన్నెలోదే తిన్నాను. క్వే గిన్నెలో నేను చెంచా పెట్టకపోవడం ఇదే మొదటిసారి.